మోయలేకపోయిన భుజం

చెన్నై సెంట్రల్‌లో దిగేసరికి ఉదయం ఆరూ పది. వీపున బ్యాగు, చేతిలో ట్రంకు పెట్టె. పదహారు నెలలు మంచు కొండల మీద డ్యూటీ చేసి వచ్చిన సుబేదార్‌ని. ప్లాట్‌ఫారం దాటకముందే ఉక్కపోతకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఇది పోస్టింగ్ కాదు, పెన్షన్‌కి ముందు విశ్రాంతి అన్నారందరూ. మా సొంత ఊరే కాబట్టి నేనూ అలాగే అనుకున్నాను.

ఐదున్నరకి పీటీ, తొమ్మిదికి ఆఫీసు. రెండో వారంలో కల్నల్ సాబ్ పిలిచి, ఆదివారం గోల్ఫ్‌కి నాలుగో మనిషి తక్కువయ్యాడు, వస్తావా అన్నారు. నా జన్మలో ఆ కర్ర పట్టలేదు. ఫౌజులో అది అడిగినట్టే ఉంటుంది గానీ ఆర్డరే. వెళ్లాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నచ్చింది. మూడు నెలల్లో పిచ్చి ముదిరింది. రోజూ సాయంత్రం రెండు వందల బంతులు కొట్టేవాణ్ణి.

నాలుగో నెలలో ఎడమ భుజం పట్టేసింది. చెయ్యి చెవిదాకా లేచేది కాదు. మీరైతే డాక్టర్ దగ్గరికి పోతారు. మాకు ఒంట్లో బాగాలేదని సిక్ రిపోర్ట్ రాయిస్తే, ఫిట్‌నెస్ చూపే మెడికల్ కేటగిరీ పడిపోతుందని భయం. పైగా ఇన్నేళ్లూ తూటా తగలని భుజానికి ఆట దెబ్బ అని రాయించుకోవడం నామోషీ. సివిల్ బట్టల్లో టి. నగర్‌లో ఒక క్లినిక్‌కి వెళ్లాను. ఆరు వారాలు కర్ర ముట్టద్దు, బరువెత్తద్దు అన్నాడు డాక్టర్. గోల్ఫ్ కప్పు మ్యాచ్ పది రోజుల్లో ఉంది. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ వేయించుకుని ఆడాను. ఓడిపోయాం కూడా.

ఈ సంగతి ఒక్కడికే చెప్పాను. కొండ మీద నా రేడియో ఆపరేటర్. చెన్నై శివారు మాధవరం వాడు, మాలాగే తరాలుగా ఇక్కడ ఉన్న తెలుగువాడు. ఇంకా ఆ కొండ మీది పోస్టులోనే ఉన్నాడు. ఆదివారాలు ఫోన్ చేసేవాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఈడ మేం నొప్పి దాస్తే తిట్టేవాడివి గదన్నా. ఆడికి పోయి నువ్వే దాస్తావా?"

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. మాట మార్చేశాను.

తర్వాతి బుధవారం వాడి బండి లోయలో పడింది.

శుక్రవారం పదకొండు గంటలకి శవపేటిక మాధవరం ఇంటికి చేరింది. మోసేవాళ్లు ఆరుగురు. వాడి నాన్నే అడిగి నా పేరు వేయించాడు. పాల బూత్ నడుపుకునే మనిషి. "వాడు నిన్ను అన్నా అనే పిలిచేవాడు నాయనా. నువ్వు ముందర ఉండాల," అన్నాడు.

రెండింటికి ఇంటి నుంచి మిలిటరీ బండి దాకా మోయాలి. నలభై అడుగులు. ఎత్తు చూసి నన్ను కుడి పక్క ముందు నిలబెట్టారు. ఆ పక్క మోసేవాడికి బరువు ఎడమ భుజం మీద పడుతుంది. పక్క మార్చమని హవల్దార్‌కి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎందుకని అడుగుతాడు. ఆ తండ్రి ముందు గోల్ఫ్ అని ఎలా చెప్పను? చెప్పిన చోటే నిలబడ్డాను.

ఎత్తమని ఆర్డర్ వచ్చింది. ఎత్తాం. తొమ్మిదో అడుగులో భుజం లోపల ఏదో తెగినట్టయింది. చెయ్యి పట్టు వదిలేసింది. పేటిక నా వైపు మూల కిందికి జారింది.

వెనకవాడు అందుకునే లోపే, పక్కన నడుస్తున్న వాడి నాన్న అరచేతులు కింద పెట్టి ఆపాడు.

"నాకియ్యి నాయనా," అన్నాడు మెల్లిగా. "దుక్కంలో నీకు చెయ్యి ఆడలా."

కాదని చెప్పలేదు. పక్కకి తప్పుకున్నాను. మిగిలిన ముప్పై ఒక్క అడుగులూ ఆయనే మోశాడు.

ఎనిమిది నెలలకి పెన్షన్ మీద ఇంటికి వచ్చేశాను. భుజం నయమైంది. గోల్ఫ్ కర్ర మళ్లీ ముట్టలేదు. నిజం చెబుదామని మాధవరం బస్సు మూడుసార్లు ఎక్కి, మూడుసార్లూ మధ్యలోనే దిగిపోయాను. ఒక్కటి మాత్రం కళ్లముందు నుంచి పోదు: కొడుకు బరువు భుజాన మోస్తూ, ఆ ముసలాయన వెనక్కి తిరిగి నా వైపు జాలిగా చూసిన చూపు.