తలుపు పాపకి మార్కులు

మైకు సారుకి పిల్లలంటే ప్రాణమని ఊళ్లో ఏ బోర్డు చూసినా రాసుంటుంది. ఆ పిల్లలే ఎదురైతే జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటాడు. బడి ఆయనది. పక్కనున్న మనిషితో కూడా మైకులో మాట్లాడితే గాని తిన్నది అరగదు గనక ఆ పేరు. నాలుగేళ్ల పిల్లలకి స్పానిష్ నేర్పుతామని గేటు మీద రంగుల్లో రాయించాడు. ఆ భాష వచ్చిన మనిషి ఒకరు కావాలన్న సంగతి రంగు ఆరాక గుర్తొచ్చింది.

అలా దొరికింది స్పానిష్ టీచరు. కాలేజీలో ఆ భాష వ్యాకరణం చదివి, ఆ తర్వాత విమానాల కంపెనీలో ఫోన్ల దగ్గర కూర్చుని, సామాను పోగొట్టుకున్నవాళ్లతో తిట్లు తింటూ మాట్లాడడం నేర్చుకున్న మనిషి. ఇంట్లో అత్తగారు రోజూ దెప్పేది.

“ముక్కు తుడుచుకోవడం రాని పిల్లలకి ఆ భాషెందుకే?”

“ముక్కు తుడుచుకోమని కూడా అందులోనే చెబుతున్నాను అత్తయ్యా.”

టీచరు పాఠం ఆటలా ఉండేది. రా, కూర్చో, తలుపు వెయ్యి, ఎర్ర బంతి ఇవ్వు. అన్నీ స్పానిష్‌లోనే. ఎవరు పలుకుతున్నారన్నది కాదు, ఎవరు విని కదులుతున్నారన్నది చూసేది. పరీక్ష జరుగుతోందని పిల్లలకి తెలిసేది కాదు. అందరికంటే ముందు లేచేది, బట్టలు కుట్టే ఆమె కూతురు. “సియెర్రా లా పువెర్తా” అని టీచరు నోట్లోంచి పూర్తిగా రాకముందే పరిగెత్తుకెళ్లి తలుపు వేసొచ్చేది. టీచరు ఆ పిల్లకి తలుపు పాప అని పేరు పెట్టింది. అయితే ఆ పిల్ల నోరు విప్పి ఒక్క ముక్క అనేది కాదు.

“ఈ మొద్దు ఈ క్లాసులో ఎందుకు?” అన్నాడు మైకు సారు.

“అంతా అర్థమవుతుంది సార్. ఈ వయసులో కొందరు ముందు వింటారు, మాట తర్వాత వస్తుంది.”

“వినడం తల్లిదండ్రులకి కనబడదు మేడం. వాళ్ల ముందు పెట్టే ప్రదర్శనలో పలికిన వాళ్లే ఇక్కడుంటారు. పలకని పిల్లని వెనక గదికి పంపేస్తాను.”

వెనక గది అంటే విరిగిన బెంచీలు, కొరగారని ఆయన తేల్చిన పిల్లలు. ఆటా లేదు, పాటా లేదు.

ప్రదర్శన కోసం ఆయనే రంగుల కార్డులు తెచ్చి, తన ఎదుట వల్లె వేయించాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు. రోజూ అదే వరస. పిల్లలు కార్డు వైపు చూడడం ఎప్పుడో మానేశారు.

ప్రదర్శన రోజు హాలు నిండింది. ఒక చేత్తో మైకు, ఒక చేత్తో కార్డులు పట్టుకుని నమస్కారం పెట్టబోయాడు సారు. కార్డులు కాస్తా నేల మీద పడ్డాయి. ఏరుకుని, సర్దుకుని, దర్జాగా ఆకుపచ్చ కార్డు ఎత్తాడు.

“రోహో!” అని అరిచారు పిల్లలు. అంటే ఎరుపు. చప్పట్లు.

పసుపు ఎత్తాడు. “వెర్దే!” అంటే ఆకుపచ్చ. ఇంకా పెద్ద చప్పట్లు. ముందు వరసలో ఒక కాంట్రాక్టరు కళ్లు ఒత్తుకున్నాడు. మాతృభాషలో కొడుకుని పలకరించడానికి తీరిక దొరకని మనిషికి పరాయి భాష వినగానే కన్నీళ్లు పొంగాయి.

అప్పుడు తలుపు పాప వరసలోంచి బయటికొచ్చింది. సారు చేతిలోని పసుపు కార్డు లాగేసి, ఆకుపచ్చది వెతికి ఆయన చేతిలో పెట్టింది.

“చూశారా, క్రమశిక్షణ లేని పిల్ల!” అన్నాడు ఆయన మైకులోనే.

టీచరు వేదికెక్కింది. “పిల్లలు చెప్పిందంతా తప్పండీ. కార్డుల వరస మారింది. కనిపెట్టింది ఈ పిల్ల ఒక్కతే.”

హాలంతా గుసగుసలు. మైకు సారు తడుముకోలేదు. “అక్కడ ఒక్కో ప్రాంతంలో రంగుల్ని ఒక్కోలా అంటారు. మేడంకి ఆ యాస రాదు.”

జనం నమ్మేశారు. మళ్లీ చప్పట్లు.

సాయంత్రం ఆయన టీచరుని తన గదిలోకి పిలిచాడు. “ఆ పిల్లకి ఏమీ రాదని రాసి సంతకం పెట్టండి. లేదంటే రేపట్నించి రావక్కర్లేదు.”

“సరే సార్, రాను. గేటు మీది రంగు గీకించేయండి మరి. రేపు ఎవరైనా వచ్చి స్పానిష్‌లో పలకరిస్తే ఆ కొత్త యాసలో మీరే జవాబు చెప్పండి.”

మైకు లేకపోతే ఆయన గొంతు ఎంత చిన్నదో టీచరుకి అప్పుడే తెలిసింది. “అంత మాటెందుకు మేడం... ఉండనివ్వండి. మీ ఇష్టం వచ్చింది రాసుకోండి.”

టీచరు అక్కడే నిలబడి రాసింది: ‘వింటుంది. అర్థం చేసుకుంటుంది. తప్పు కనబడితే ఊరుకోదు. నా క్లాసులోనే ఉంటుంది.’ సంతకం పెట్టి, కాగితం ఆయన బల్ల మీద పడేసి బయటికొచ్చింది.

వరండాలో తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఉంది తలుపు పాప.

“సియెర్రా లా పువెర్తా,” అంది టీచరు.

పాప పరిగెత్తుకెళ్లి, రెండు చేతులతో నెట్టి, మైకు సారు ముఖం మీదే తలుపు వేసింది.