ఎనిమిది వేల ఫైళ్లు, ఒక శుక్రవారం

ఖదీర్‌ను పనిలోంచి వెళ్లగొట్టిన కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి. నాలుగూ అబద్ధాలే. రెండింట్లో కర్తకూ క్రియకూ పొత్తు కూడా కుదరలేదు. "రికార్డులను చెడగొట్టినందున" అని మొదలై, ఇకమీదట గేటు దాటనివ్వొద్దని ముగిసింది. రాసినవాడు ఇన్‌చార్జి అమరనాథ్. చెడగొట్టినవాడూ ఆయనే.

గోదావరిఖనిలో ఒక కాంట్రాక్టరు, గని కార్మికుల సర్వీసు దస్త్రాలను కంప్యూటర్లకు ఎక్కించే పని పట్టాడు. అందులో ఖదీర్ ఆపరేటరు. ఎనిమిది వేల దస్త్రాలు స్కానయ్యాయి. మిషను వాటికి తనకు తోచిన పేర్లు పెట్టింది: స్కాన్ ఒకటి, స్కాన్ రెండు, అలా ఎనిమిది వేల దాకా. ఇప్పుడు ప్రతి ఫైలుకూ ఆ కార్మికుని నంబరే పేరుగా పెట్టాలి. అమరనాథ్ ఇందుకొక పద్ధతి కనిపెట్టాడు. ఫైలు తెరవాలి, నంబరు చూడాలి, మూయాలి, పేరు మార్చాలి, మళ్లీ తెరిచి సరిచూడాలి. ఐదుగురు మనుషులు, మూడు నెలలు. ఆ పద్ధతిని తెల్లకాగితం మీద రాసి గోడకు అంటించాడు కూడా.

ఖదీర్ ఆ కాగితాన్ని ఒకసారి చదివి తన కుర్చీలో కూర్చున్నాడు. అతనికి కంప్యూటరు నేర్పిన గురువెవరూ లేరు. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి, అందులో ఉన్న ఆజ్ఞలను ఒక్కొక్కటే కొట్టి చూసి నేర్చుకున్నాడు. ర్యాకులో దస్త్రాలు ఏ వరుసన ఉన్నాయో అదే వరుసన స్కానయ్యాయి. ఆ వరుస జాబితా ఎక్సెల్‌లో ముందే ఉంది. ఒక నిలువు వరుసలో పాత పేరు, పక్క వరుసలో నంబరు, మూడో వరుసలో ఆ రెండింటినీ కలిపి పేరు మార్చే ఆజ్ఞ. మొదటి ఆజ్ఞ రాసి కిందికి లాగితే ఎనిమిది వేలూ తయారు. వాటిని నోట్‌ప్యాడ్‌లో అతికించి, నల్ల తెరకు నడిచే ఫైలుగా దాచి, రెండుసార్లు నొక్కితే చాలు. కొత్తగా కొనాల్సిందేమీ లేదు, అంతా కంప్యూటరులో ఉన్నదే.

పక్క సీటు అనసూర్య తొంగిచూసింది. "ఎన్ని అయినయ్ అన్నా?"

"ఇంక మొదలువెట్టలే. మొదలువెడితే అయిపోతది."

"జర మెల్లగ కానియ్యే. మూడు నెలల పని ఇయ్యాల్నే అయితే రేపు మనందర్ని ఇంటికి తోలుతరు."

ఖదీర్ నవ్వాడే గాని ఆగలేదు. ముందుగా ఇరవై ఫైళ్ల నకళ్ల మీద నడిపి చూశాడు. గనుల్లో పాతకాలపు అలవాటొకటుంది. అన్న పేరు మీద తమ్ముడు, బావ పేరు మీద బావమరిది పనిలో చేరేవాళ్లు. తర్వాత అసలు పేరు ఖాయమైనా పాత దస్త్రం అలాగే ఉండిపోయేది. నంబరు ఒకటే, దస్త్రాలు రెండు. అలాంటివాళ్ల నంబర్లకు ఖదీర్ చివర ఒకటి, రెండు అని తోకలు పెట్టాడు. అలాంటివి మూడు వందల పైచిలుకు తేలాయి. జాబితా అమరనాథ్‌కు చూపించాడు.

"గీ తోకలేందయ్యా? ఒక మనిషికి ఒకటే నంబరు గద?"

"మారుపేరు మీద చేసినోళ్లయి రెండేసి ఉంటయ్ సార్. తోకున్న గడి తీస్తే కింది వరుసంత ఆగమైతది."

"నాకు చెప్తున్నవా? ఇరవై ఏండ్ల సర్వీసు నాది."

ఆ ఇరవై ఏళ్లలో ఆయన ఎన్ని దస్త్రాలు విప్పాడో ఎవరూ అడగలేదు. విప్పి ఉంటే ఆ ప్రశ్న వేసేవాడే కాదు.

శుక్రవారం కొత్తగూడెం హెడ్డాఫీసు నుంచి ఆఫీసరు పని చూడడానికి వస్తున్నాడు. వచ్చాక నడుపుదామని జాబితా సిద్ధంగా పెట్టి ఖదీర్ జుమ్మా నమాజుకు వెళ్లాడు. ఆ గంటలో అమరనాథ్ అతని సీట్లో తన పేరుతో లాగిన్ అయి కూర్చున్నాడు. ఆఫీసరు ముందు "నేనే చేసిన" అనాలని ఆయన ఆశ. రెండు అని తోకున్న గడులన్నీ ఏరి తీసేశాడు. కింది నంబర్లు పైకి జరిగాయి. పక్కనున్న పాత పేర్లు కదల్లేదు. మూడో వరుసను ఖదీర్ చేసినట్టే మళ్లీ కిందికి లాగి, నడిపించాడు. మొదటి మారుపేరు మనిషి మొదలుకొని ప్రతి ఫైలూ ఇంకొకరి నంబరు తగిలించుకుంది.

ఆఫీసరు ఒక కోల్‌కట్టర్ నంబరు కొట్టాడు. క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఐలవ్వ ఫొటో వచ్చింది.

"ఈమె ఎప్పట్నుంచి బొగ్గు నరుకుతుంది?" అన్నాడాయన.

"ఖదీర్ అని కొత్త పోరడు సార్, నాకు జెప్పకుంట చేసిండు." ఆ మాట చెప్పడానికి అమరనాథ్‌కు ఊపిరి తీసుకునేంత సమయం కూడా పట్టలేదు.

అప్పుడే లోపలికొచ్చిన ఖదీర్ తెర చూసి సంగతి గ్రహించాడు. "ఫికర్ లేదు సార్. ఇప్పుడు నడిపిన జాబితా తెరిస్తే, రెండు వరుసలు అటుదిటు మార్చి మళ్ల నడుపుత. ఐదు నిమిషాలల్ల ఎన్కటి పేర్లొస్తయ్."

"సిస్టం ముట్టకు!" అని అరిచాడు అమరనాథ్. ముట్టుకుంటే ఆ జాబితా ఎవరి పేరుతో, ఏ గంటకు దాచి ఉందో ఆఫీసరుకు కనబడుతుంది.

మొదటినుంచీ చూసిన అనసూర్య కీబోర్డు మీది దుమ్ము ఊదుకుంది. మిగతా ముగ్గురికీ ఆ క్షణాన దాహమేసింది. నలుగురూ చదువుకున్నవాళ్లే, నలుగురికీ నోళ్లున్నాయి.

సాయంత్రానికి ఆ నాలుగు వాక్యాల కాగితం వచ్చింది. ఖదీర్ మందమర్రిలో పని అడిగాడు, గోలేటిలో అడిగాడు. కాగితం అతనికంటే ముందే అక్కడికి చేరింది. "రికార్డులు పాడుచేసినోడివి నువ్వేనా?" అన్నారు. కంప్యూటరు పని తప్ప ఇంకోటి రాని మనిషి, ఆ పనే దొరక్క చివరికి చౌరస్తాలో చిన్నాన్న జిరాక్స్ దుకాణంలో టైపింగుకు కూర్చున్నాడు. ఆఫీసులో మాత్రం గోడకంటించిన పద్ధతి ప్రకారం ఫైళ్లు ఒక్కొక్కటే తెరుస్తున్నారు, మూస్తున్నారు. ఏడో నెల నడుస్తోంది.

ఒకరోజు అమరనాథ్ ఆ దుకాణానికి వచ్చాడు. పైనుంచి విచారణ పడింది. జాబితా ఎవరు నడిపారో రాతపూర్వకంగా కావాలట.

"నేనే చేసిన, తెల్వక చేసినా అని ఒక లెటర్ ఇయ్యి ఖదీర్. సోమవారం నుంచి డ్యూటీకి రా. ఆ మెమో నేను చింపేస్త. నీ బతుకు నిలవడ్తది."

ఏడు నెలలుగా ఖదీర్‌కు కావలసింది ఆఫీసులోని ఆ కుర్చీయే, ఎదురుగా నిలబడి రమ్మంటోంది.

"టైప్ గూడ నువ్వే చెయ్యి, జల్ది. నీ ఇంగ్లీషు బాగుంటది" అని అమరనాథ్ స్టూలు మీద కూర్చుని కాలు మీద కాలేసుకున్నాడు.

ఖదీర్ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.

"చేస్త సార్. కింద మీ పేరే కొడ్త. సంతకం పెట్టి తీస్కపోండ్రి."