పోగు తెగితే అతుకుండ్రి

మొగిలయ్య చావు ముచ్చట తెలియని మనిషి సిరిసిల్లలో లేడు. అట్లాగని మొగిలయ్య పోలేదు, నిక్షేపంగా మరమగ్గం నడుపుకుంటున్నాడు. తనకు జబ్బు చేస్తే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో కనిపించిన ప్రతివాడికీ ముందే చెప్పిపెట్టడం ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి.

“పోగు తెగితే అతుకుండ్రి. బీము ఒడిస్తే సాంచ బంద్ పెట్టుండ్రి.”

మరమగ్గాన్ని సాంచ అనే ఆ ఊళ్లో ఈ మాట పిల్లలకూ అర్థమవుతుంది. నయమయ్యే రోగమైతే వైద్యం చేయించండి. బీముకు చుట్టిన నూలంతా అయిపోతే మాత్రం, గొట్టాలు పెట్టి ఉత్త మగ్గాన్ని ఆడించకండి.

చాయ్ హోటల్ ఎల్లన్నకు రోజూ ఇదే పాట. ఒక పెళ్లిలో అక్షింతలు వేస్తూ పెళ్లికొడుక్కీ చెప్పాడు. కూతురు నీలకు తల కొట్టేసినట్టయింది.

“నాకు చెప్పినవు, సాలదా బాపూ? ఊరంత దండోరా ఎందుకే?”

“నీకు తెల్వది, ఊకో బిడ్డా.”

అవి నక్సలైట్ అన్నల రోజులు. తెల్లారితే గోడల మీద ఎర్ర అక్షరాలు, వీధిలో పోలీసు జీపులు. బస్టాండులో మొగిలయ్య “సాంచ బంద్ పెట్టుండ్రి” అంటుంటే మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్ చెవిన పడింది. సమ్మె పిలుపే అనుకుని ఠాణాకు పట్టుకుపోయాడు.

“బంద్ పెట్టుమని ఏ దళం చెప్పిందిరా?” ఎస్సై గద్దించాడు.

“దళం గాదు సారూ, నా పానం. మీరు గూడ యాదికి పెట్టుకోండ్రి. పోగు తెగితే...”

సాయంత్రానికి పోలీసులే బతిమాలి ఇంటికి పంపారు. అప్పటికి లాకప్పులో దొంగకు కూడా ఆ మాట కంఠతా వచ్చింది.

ఆ వానాకాలం మొగిలయ్య సాంచ పక్కనే కుప్పకూలాడు. ఒళ్లు కాలిపోతోంది, ఊపిరి అందడం లేదు, స్పృహ లేదు. డాక్టరు చూసి, “ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది. కరీంనగర్ తీస్కపోండ్రి, తగ్గుతది. కొన్ని దినాలు ముక్కుల గొట్టం పెడతరు,” అన్నాడు.

గొట్టం అనేసరికి మొగిలయ్య తమ్ముడు జనార్దన్ కిరాయికి తెచ్చిన జీపుకు అడ్డం నిలబడ్డాడు. “గొట్టాలు వద్దని ఊరందరికి చెప్పిండు గదనే! అన్న మాట తప్పుతవా? పాపం నీదే!”

నీల జీపు తలుపు పట్టుకుని ఆగిపోయింది. తీసుకుపోతే మాట తప్పినట్టు. ఆపేస్తే తండ్రిని చేతులారా చంపుకున్నట్టు.

“గిది ఒడిసిన బీము గాదు జనార్దనా, తెగిన పోగు!” హోటల్లోంచి ఎల్లన్న అరిచాడు.

“అవ్, ముందుగాల అతుకుమన్నడు. నా లగ్గంల చెప్పిండు!” ఆ పెళ్లికొడుకు పరుగెత్తుకొచ్చాడు.

గుంపును చూసి పోలీసు జీపు దిగిన ఎస్సై సంగతి విని లాఠీతో దారి చేశాడు. “పోగు తెగితే ఏం జేయాలె? నాకే తెలుసు, నీకు తెల్వదా? జరుగు!”

నీలకు ప్రాణం లేచొచ్చింది. జీపెక్కి తండ్రి తల ఒళ్లో పెట్టుకుంది.

వారం తిరగకముందే ఆస్పత్రిలో మొగిలయ్య కళ్లు తెరిచాడు. “అతికిండ్రా?”

“అతికినం బాపూ. జనార్దన్ కాక అడ్డం తిరిగిండు. ఊరంత నా దిక్కు మాట్లాడింది.”

“గందుకే గదనే అందరి చెవుల ఇల్లు కట్టుకుని పోరింది! మా అవ్వకు ఆఖర్న సూదులు వద్దన్నది నేనొక్కన్నే. తల్లిని సంపిండని జనార్దన్ గిప్పటికీ అంటడు. అతికినా, ఆపినా, నిన్ను గా మాట ఎవ్వరు అనొద్దనుకున్న బిడ్డా.”

ఇన్నాళ్లూ తను సిగ్గుపడింది దేనికో తెలిసి నీలకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

అంతలో నర్సు వచ్చింది. మొగిలయ్య ముఖం వెలిగింది.

“ఇట్రా బిడ్డా, నీకో ముచ్చట చెప్త...”

“బీము ఒడిస్తే సాంచ బంద్. అంతేనా తాతా? వచ్చిన నాడే నీ బిడ్డ మా అందరికి చెప్పింది. ఆఖరికి ఊడ్చేటామెకు గూడ.”

మొగిలయ్య చిన్నబుచ్చుకుని, మెల్లగా పక్క మంచం రోగి వైపు తిరిగాడు.