బాబా దుర్భిణి రిపేరు

కువైట్‌లో, జాబ్రియాలో నేను ఆఖరున పనిచేసిన ఇంట్లో బాబాకి, అంటే ఇంటి యజమానికి, ఒక దుర్భిణి ఉండేది. తుపాకీ మీద బిగించుకుని వేటాడే రకం. దానికి దీపం అక్కర్లేదు, వెన్నెలా అక్కర్లేదు. ప్రాణమున్న ఒంట్లో వేడి ఉంటుంది కదా, ఆ వేడిని పట్టి చీకట్లో కూడా చూపిస్తుంది. ఇసుక నల్లగా, కుందేలు తెల్లగా. అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెను దాంట్లో చూస్తే పెళ్లిపందిట్లో లైటులా వెలిగిపోయేది.

తుపాకీ అప్పటికే ఇంట్లో లేదు. పెద్దకొడుకు ఏదో వంక చెప్పి తన ఇంటికి పట్టుకుపోయాడు. దుర్భిణి ఒక్కటీ మిగిలింది. చలికాలం వస్తే కువైట్ వాళ్లు ఎడారిలో ఖైమాలు వేసుకుంటారు. ఆ గుడారాల్లోనే వంటలు, టీవీ, చుట్టపక్కాలు, అన్నీ. బాబా, ఆయన భార్య మామా, డ్రైవరు, నేను వారంవారం వెళ్లేవాళ్లం. పొద్దుగుంకే వేళకి బాబా జీపు తీసి దూరంగా ఉన్న ఇసుక గుట్ట దగ్గరకు వెళ్లి నక్కల్ని, కుందేళ్లని చూసి వచ్చేవాడు. టీ థర్మాసు పట్టుకోవడానికి నన్ను ఎక్కించుకునేవాడు. జంతువులు బెదిరిపోతాయని జీపు లైట్లు ఆర్పేసి నడపడం ఆయన పద్ధతి. వేటగాళ్లందరూ అంతేనట.

ఆ ఏడాది ఎండలు తగ్గగానే బాబాకి దుర్భిణి మీద అనుమానం వచ్చింది. మసగ్గా చూపిస్తోందన్నాడు. కొన్న కొట్టు మిర్కాబ్‌లో ఉంది. డ్రైవరు చేతికి ఇస్తే కింద పడేస్తాడని, నన్ను పట్టుకెళ్లమన్నాడు. నేను దాన్ని తువ్వాలులో చుట్టి ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి తీసుకెళ్లాను. దానికి వచ్చిన తోలుసంచీ ఉంది గానీ, బయట తిప్పితే పాడైపోతుందని బీరువాలోనే ఉంచాను.

కొట్టు ముందుభాగంలో కత్తులు, బూట్లు, డేగల కళ్లకు కట్టే తోలు టోపీలు. వెనకాల ఒక బల్ల, కంప్యూటరు, రెండు కుర్చీలు. కస్టమర్ సర్వీసు అంటే అదే. అక్కడ కూర్చునే మనిషిది జగిత్యాల వైపు. నలభై దాటినవాడు. నా నడక చూసే పోల్చుకున్నాడేమో, నేను నోరు తెరవకముందే తెలుగులో పలకరించాడు.

"కూసో పెద్దమ్మా. చాయ్ తాగుతవా?"

"తాగే వచ్చాను నాయనా. ముందు దీని సంగతి చూడు."

దుర్భిణికి ఒక తీగ తగిలించి కంప్యూటరుకి కలిపాడు. ఏం చేస్తున్నావని అడిగాను. నాకు ముట్టుకున్న ప్రతిదాని సంగతీ తెలియాలి.

"సెల్‌ఫోన్ లెక్కనే పెద్దమ్మా. దీనికి గూడ లోపల ఒక బుర్ర ఉంటది. కంపెనోళ్లు అప్పుడప్పుడు కొత్త తెలివి పంపిస్తరు. దాన్ని అప్‌డేట్ అంటరు. గీ తీగల కెల్లి ఎక్కిస్తున్న. ఎక్కుతున్నప్పుడు బ్యాటరీ అయిపోయిందనుకో, ఇగ అది రాయే. దేనికీ పనికి రాదు."

"కొత్త తెలివి వస్తే పాతది ఉంటుందా?"

"ఉండది. మనం పెట్టుకున్న సెట్టింగులన్నీ పోతయి. గడియారం, వెలుగు, భాష, అన్నీ మల్ల పెట్టాలె. మీ బాబాకు అక్షరాలు అరబ్బీల గావాలె గద, కంపెనీ నుంచి వచ్చేది ఇంగ్లీషుల ఉంటది. నేనే మారుస్త."

తెర మీద అక్షరాలు అరబ్బీలోకి మార్చి నాకు చూపించి డబ్బాలో పెట్టిచ్చాడు. బాబా సంతోషించాడు. బాగా కనపడుతోంది, కొత్తదానిలా ఉంది అన్నాడు. వారం తిరక్కుండా మళ్లీ మసక అన్నాడు. మళ్లీ వెళ్లాను. మళ్లీ తీగ, మళ్లీ కంప్యూటరు, మళ్లీ సంతోషం. మూడోసారి వెళ్లినప్పుడు నాకు ఒళ్లు మండింది. జాబ్రియా నుంచి మిర్కాబ్‌కి పెట్రోలు ఊరికే రాదు. వాళ్ల దేశంలో చవకే అనుకోండి, చవకైనంత మాత్రాన తగలేస్తామా?

"నిజం చెప్పు నాయనా. ఇది పాడైందా, లేదా?"

అతను కొట్టు ముందువైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఖరాబ్ గాలే పెద్దమ్మా. కొత్త అప్‌డేట్ గూడ ఏం రాలే. మొదటిసారి ఎక్కించిందే మల్ల ఎక్కించిన."

"మరి ఆ మాట చెప్పవేం?"

"ఎట్ల జెప్పాలె? కొత్తది ఎక్కించిన అంటె ఖుష్ అయితడు. నాలుగొద్దులు మంచిగ గొడ్తది. మా మేనేజర్ ఏమన్నడో ఎరుకేనా? సామాన్ల తప్పున్నదని ఒప్పుకున్నా పర్వలేదు గని, కస్టమర్‌ల తప్పున్నదని మాత్రం అనొద్దన్నడు."

"కళ్లు చూపించుకోండి బాబా అంటే తప్పు పట్టినట్టా?"

"అగో, గంత సులువైతే నువ్వే అనరాదు? పొద్దుమాపు గాడనే ఉంటవు గద."

డబ్బా తీసుకుని వచ్చేశాను.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనేవారు కారు. అలాగని ఎవరికీ తెలియదనుకోకండి. ఖర్జూరాలు తెల్లపళ్లెంలోనే పెట్టమని మామా నాకు చెప్పి చాలాకాలమైంది. కాఫీ గిన్నె ఆయన వేళ్లకు తగిలేలా అందించాలి. మెట్ల దగ్గర కొడుకు చెయ్యి పట్టుకుంటే, పట్టుకున్నట్టు కాకుండా తండ్రిని ముద్దు పెట్టుకోవడానికి వంగినట్టు పట్టుకునేవాడు. పెద్దవాణ్ని పట్టుకుని నీకు చూపు ఆనడం లేదనడం వాళ్లలో పెద్ద అవమానం. నేను ఒకసారి మామాతో అనబోతే, "నువ్వు ఊరుకో. ఆయన మనసు విరిగితే మళ్లీ అతకదు" అంది.

నాకు మాత్రం ఆ మసక సంగతి బాగా తెలుసు. నేను ఊరికి సెలవు మీద వెళ్లినప్పుడు మిషన్ ఆసుపత్రిలో కంట్లో పొర తీశారు. అంతకుముందు ఏడాది పొడుగునా వంటింట్లో బల్బు మసిబారిందని స్టూలెక్కి తుడుస్తూనే ఉండేదాన్ని. కంట్లో పొర ఉన్నవాడు తన కంటిని అనుమానించడు. ఎదుట ఉన్నదాన్నే అనుమానిస్తాడు. బాబాకి మామూలు కంటికి ఆననివి ఆ దుర్భిణిలో తెల్లగా మెరిసి కొన్నాళ్లు ఆనాయి. పొర ఇంకా ముదిరాక అవీ పోయాయి. అంతే.

ఖైమాలు వేసే రోజులు దగ్గరపడ్డాయి. బాబా మళ్లీ పంపించాడు. ఆ రోజు కొట్టు కిక్కిరిసిపోయి ఉంది. జగిత్యాల మనిషి నాతో మాట్లాడే తీరిక లేక, పావుగంటలో పని ముగించి డబ్బా నా ఒళ్లో పెట్టేశాడు.

తర్వాత మేం ఎడారికి వెళ్లాం. బాబా అక్కడ రోజూ సాయంత్రం ఖైమా ముందు కుర్చీ వేసుకుని దుర్భిణి కంటికి పెట్టుకునేవాడు. "మాషాఅల్లా, ఈసారి అప్‌డేట్ అన్నిటికంటే బాగుంది" అన్నాడు. కొట్టుకు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. మర్నాడు జగిత్యాల మనిషి నాకు ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, ఒక్క తప్పైంది. నువ్వు వచ్చిన దినం గిరాకి గొట్టి, భాష మార్చుడు మర్చిపోయిన. ఇంగ్లీషులనే ఉన్నది. మీ బాబా జూసి లొల్లి వెట్టకముందే జెర పంపించు."

"నిన్నేగా ఫోన్ చేసి మెచ్చుకున్నాడు?"

"గదే గద నాకు సమజ్ గాంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. అక్షరాలు మారినయని ఒక్క మాట అనలే."

నేను వెళ్లి దుర్భిణిలో చూశాను. నాకు అరబ్బీ మాట్లాడటమే గానీ చదవడం రాదు. ఇంగ్లీషూ రాదు. తెలుగే మూడో తరగతితో ఆగింది. కానీ ఏ రాత ఏదో పాలడబ్బాల మీదా మందుసీసాల మీదా చూసీ చూసీ తెలుసు. ఇంగ్లీషు అక్షరాలు, తెల్లగా, లావుగా, కంటికి గుచ్చుకునేటట్టు ఉన్నాయి. ఇన్ని సాయంత్రాలు బాబా వాటి వంకే చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే బాబా జీపు తాళాలు తీసుకుని బయటికొచ్చాడు.

"యల్లా, ఎక్కు. థర్మాసు తెచ్చుకో. ఇవాళ నీకు నక్కపిల్లల్ని చూపిస్తా."

"నేను ఎక్కను బాబా."

"ఎందుకు? ఒంట్లో బాగాలేదా?"

"నా ఒంట్లో బాగానే ఉంది. మీకే కనపడటం లేదు."

ఆయన నవ్వాడు. "నాకా? ఈ ఇసుకలో ఏ నక్క ఏ బొరియలో ఉందో నన్ను అడుగు."

"నక్క సంగతి తర్వాత. దుర్భిణిలో అక్షరాలున్నాయి కదా. అవి అరబ్బీయా, ఇంగ్లీషా?"

కంటికి పెట్టుకున్నాడు. రింగు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "అరబ్బీ. నేను అరబ్బువాణ్ని, నా వస్తువులో ఇంకేం ఉంటుంది?"

"ఇంగ్లీషు బాబా. ఇక్కడికి వచ్చిన రోజు నుంచీ ఇంగ్లీషే."

"నువ్వు చదివావా? నీకు చదువొచ్చా?"

"రాదు. రాని దానికే తేడా తెలిసింది."

ఆయన ముఖం ఎర్రబడింది. నా ఇంట్లో తిని నన్నే గుడ్డివాడంటావా, ఖలాస్, రేపే నిన్ను తెచ్చిన ఆఫీసులో అప్పజెప్పేస్తాను అన్నాడు. కోపం మాటే గానీ ఉత్తమాట కాదు. అలా అప్పజెప్పినవాళ్లని నేను చూశాను.

"అప్పజెప్పండి. ఈ దేశంలో నన్ను ఉండనిచ్చే ఇఖామా మీ చేతిలోదే" అన్నాను. "జీపు మాత్రం ఎక్కను. మిమ్మల్నీ ఎక్కనివ్వను. గుట్ట దారిలో పక్క ఖైమాల పిల్లలు మోటారు బగ్గీలు నడుపుతున్నారు. మీరేమో లైట్లు వెయ్యరు."

నా గొంతు పెద్దది. ఖైమాలోంచి మామా బయటికొచ్చింది. ఆవిడ రాగానే బాబా దుర్భిణి ఆవిడకి ఇచ్చి, "దీనికి చెప్పు. ఇందులో ఏముందో చెప్పు" అన్నాడు. మామా తీసుకుంది. చాలాసేపు చూసింది. అంతసేపు చూడాల్సిన పని లేదు, ఒక్క చూపుకి తెలిసిపోతుంది. ఏం చెప్పాలా అని చూస్తోందని నాకు అర్థమైంది.

"ఇంగ్లీజీ" అంది చివరికి.

బాబా జీపు మెట్టు మీద కూర్చుండిపోయాడు. దూరంగా బగ్గీల మోత వినపడుతోంది. ఆయన తల అటు తిప్పాడు.

"పిల్లలు ఎంత దూరంలో ఉన్నారు?" అని మామాని అడిగాడు.

"అదిగో, ఎదురుగానే. ఎర్రజెండా కట్టిన బండి."

"జెండా ఉందా?" అన్నాడు.

తాళాలు మామా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. నేను పొయ్యి ఆర్పి, గిన్నెలు కడిగి, నా బట్టలు మూటగట్టుకుని పడుకున్నాను. పొద్దున్న ఎవరూ నన్ను ఏ ఆఫీసుకీ తీసుకెళ్లలేదు. డ్రైవరు బాబానీ మామానీ కంటాసుపత్రికి తీసుకెళ్లాడు.

ఎడమకంటి వెనకాల నరం షుగరు వల్ల ఎప్పుడో చచ్చిపోయిందని, దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరని డాక్టరు చెప్పాడట. కుడికంట్లో పొర తీయొచ్చు, ఇంకా ఆలస్యం చేసి ఉంటే అదీ కష్టమయ్యేదన్నాడట. ఎడమకన్ను మాట విని మామా రెండు రోజులు అన్నం ముట్టలేదు. ముందే చెప్పి ఉంటే దక్కేదేమో, దక్కేది కాదేమో. నన్ను ఆవిడ అడిగింది. నాకేం తెలుసు, డాక్టర్ని అడుగు మామా అన్నాను.

ఆపరేషన్ అయ్యేవరకూ బాబా నాతో మాట్లాడలేదు. కాఫీ కావాలంటే డ్రైవరుతో కబురు. నేను డ్రైవరుతోనే కాఫీ పంపేదాన్ని. ఆయన పంతం ఆయనది, నా పని నాది.

కంటికి కట్టు తీసిన తర్వాత ఒకరోజు ఎక్కడికో బయల్దేరాడు. మధ్యాహ్నం జగిత్యాల మనిషి ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, మీ బాబా వచ్చిండు. నా కొలువు పాయె అనుకున్న. కుర్సీల కూసున్నడు, చాయ్ తాగిండు. అక్షరాలు అరబ్బీల వెట్టుమన్నడు. వెట్టిన. ఒక్కొక్కటి సదివిండు. సదివి లేచి వోయిండు."

"ఇంకేం అనలేదా?"

"నీ అప్‌డేట్‌లు మంచిగ లెవ్వు అన్నడు."

సాయంత్రం నేను హాల్లో దుమ్ము తుడుస్తున్నాను. బాబా సోఫాలో కూర్చుని నావైపే చూస్తున్నాడు. ఏమైనా కావాలేమోనని దగ్గరకు వెళ్లాను.

"నీ ఒంటి మీద ఉన్నది ఏ రంగు?" అన్నాడు.

"నీలం బాబా."

"అది నీలమా? మోచేతుల దగ్గర రెండు అతుకులున్నాయి. ఇన్నాళ్లూ మా ఇంట్లో చుట్టాల ముందు ఈ గుడ్డలతోనే తిరిగావా?"

"చిరిగితే కుట్టుకున్నాను. ఇంకో ఏడాది వస్తుంది."

ఆయన మామాని కేకేసి, దీన్ని బజారుకి తీసుకెళ్లు, పరువు తీస్తోంది అన్నాడు. మామా తీసుకెళ్లింది. రెండు జతలు కొంది. ఒకటి తొడుక్కున్నాను, ఒకటి ఊళ్లో ఉన్న నా కోడలి కోసం పెట్టెలో దాచాను.