ఉస్తాద్ పెట్టిన ఎర్ర చుక్క

ఉస్తాద్ పోయారు. నిర్మల్‌లో సెలవు గడిపి మొన్న బహ్రెయిన్ తిరిగొచ్చిన, ఆయన ఊరివాడే అయిన డ్రైవరు భాయ్, మహూజ్‌లో మా గది గడపలో నిలబడి చెప్పులు కూడా విడవకుండా ఈ మాట చెప్పాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి ఇచ్చారట. నేను "అయ్యో" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చింది గానీ గుండెలోంచి వెంటనే రాలేదు. నాకు పని నేర్పిన మనిషి పోయాడని ఏడవాలో, నా నోట్లో మట్టి కొట్టిన మనిషి పోయాడని ఊరుకోవాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. అయినా కోపంలో కూడా ఆయన్ని "వాడు" అనలేకపోతున్నాను, చూడండి.

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది నేను బహ్రెయిన్ వచ్చాను. మెట్‌పల్లిలో మా వాళ్ళంతా దుబాయి పోయాడనే చెప్పుకున్నారు, నేనూ దిద్దలేదు. మొదట కర్జకాన్ దగ్గర కట్టుబడి పనిలో సిమెంటు ఇటుకలు మోశాను. తర్వాత నాకు వీసా ఇచ్చిన యజమాని, అదే మా కఫీల్, బంధువు మేనేజరుగా ఉన్న ఒక షూటింగ్ క్లబ్బుకు మనిషి కావాలంటే నన్ను పంపారు. సభ్యులు వచ్చి కాగితం గురి మీద కాల్చి, తుపాకులు అప్పగించి వెళ్ళిపోయే చోటు అది. ఆ తుపాకుల గదికి పెద్ద దిక్కు ఉస్తాద్. నేను చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఊరి పేరు అడిగి, "మెట్‌పల్లా? మరి బయట ఎందుకు నిలబడ్డవు తమ్మీ, లోపటికి రా" అన్నారు. ఎండలోంచి ఏసీలోకి నన్ను పిలిచిన మొదటి మనిషి ఆయనే. ఆ చల్లదనం రుణం నాకు ఇంకా ఉంది.

క్లబ్బులో ఎక్కువగా ఉన్నవి చిన్న తూటా సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు. ఒకసారి పేలగానే తనంతట తానే ఇంకో తూటా ఎక్కించుకునే రకం. తూటాలు నింపే మ్యాగజైన్ సరిగా లేకపోతే తూటా అక్కడే ఇరుక్కుంటుంది. సభ్యుడికి కోపం వస్తుంది, తుపాకీని తిడతాడు. ఉస్తాద్ మాత్రం మ్యాగజైన్ తీసి పైఅంచులు చూసేవారు. ఆ అంచులను మేము పెదవులు అనేవాళ్ళం. అవి ఇంచుక వంగినా తూటా తిన్నగా లేవదు.

"మెరుపు జూసి కొనకు తమ్మీ, పెదవులు జూడు" అనేవారు. చవగ్గా వచ్చినవాటిని వెంటనే వాడనిచ్చేవారు కాదు. డమ్మీ తూటాలు నింపి పక్కన పెట్టి, కొన్నాళ్ళకు బొటనవేలితో ఒక్కొక్కటీ తోసి చూసేవారు. స్ప్రింగు సోమరిదైతే వేలికే తెలిసిపోతుంది అనేవారు. ప్రతి మ్యాగజైన్ మీదా నంబరు వేయించేవారు. తూటా ఇరుక్కున్నప్పుడు దోషం తుపాకీదా మ్యాగజైన్‌దా అని కొట్లాడుకోకుండా నంబరును బట్టి పట్టుకోవచ్చని.

చెడ్డదని తేలిన దాని అడుగున ఎర్ర గోళ్ళ రంగుతో చుక్క పెట్టేవారు. మనామా బజారులో ఆ సీసా కొనబోతే దుకాణం అతను "బీబీ కోసమా?" అని ఆటపట్టించేవాడు. ఉస్తాద్ సిగ్గుపడకుండా "అవును, నాకు నలుగురు ఉన్నరు, అందరూ ఇనుపోళ్ళే" అనేవారు. చుక్క పెట్టినవాటిని మాత్రం పారేయనిచ్చేవారు కాదు. పారేస్తే ఎవడో ఏరుకుని మళ్ళీ మంచివాటిలో కలుపుతాడట. పైగా ఇరుక్కున్న తూటాను ఎలా తీయాలో కొత్త సభ్యులకు నేర్పడానికి చెడ్డవే కావాలట. అందుకని వేరే అరలో పెట్టించేవారు. "చుక్క గోడ దిక్కు కాదు, మనిషి దిక్కు ఉండాలె" అని నేను తిప్పి పెట్టినవాటిని మళ్ళీ తిప్పించేవారు.

తుపాకీ మీద బిగించే దుర్భిణి, అదే స్కోప్, ఎంచడంలో ఆయనకు ఇంకా చాదస్తం. ఖరీదైనవి కొనే సభ్యులు వాళ్ళే కొనుక్కునేవాళ్ళు. క్లబ్బు తుపాకులకు మాత్రం చవక రకమే. ఖర్జూరం పెట్టె చెక్కకు రెండు గాట్లు పెట్టి, ఆ గాట్లలో స్కోప్‌ను పడుకోబెట్టి, ఎదురు మిద్దె మీది నీళ్ళ ట్యాంకుపై ఉన్న అక్షరానికి గురి చూసి, మెల్లగా తిప్పమనేవారు. లోపలి ప్లస్ గుర్తు అక్షరాన్ని విడిచి చుట్టూ తిరిగితే అది పనికిరాదు. తర్వాత సుత్తి చెక్క పిడితో తట్టి మళ్ళీ చూడాలి. చివరికి ఏసీ గదిలోంచి ఉక్కబోతలోకి తీసుకుపోవాలి. "బయటి అద్దం మీద ఆవిరి వస్తే తుడుసుకోవచ్చు. లోపట వస్తే ఖలాస్" అనేవారు. పెద్దగా చూపెట్టే స్కోప్ కోసం నేను ముచ్చటపడితే, "పెద్దగ చూపెట్టేది ఎందుకు తమ్మీ, ఉన్నకాడ ఉండేది గావాలె" అని మందలించేవారు. ఆ మాట నేను ఎంత నమ్మానో ఆయనకు తెలుసు.

ఒకరోజు ఆయన స్కోప్‌కు కన్ను ఆనించి, "శభాష్, ప్లస్ కదుల్తలేదు" అన్నారు. నేను చూస్తే ముందు అద్దానికి మూత అలాగే ఉంది. నాకు నవ్వు ఆగలేదు. ఆయన కూడా నవ్వారు, నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి కుర్చీలో కూలబడ్డారు. రెండు కళ్ళల్లో పొర వచ్చిందని, ఏడాదిగా అంతా మసకేనని చెప్పారు. ఎవరికీ చెప్పొద్దని బతిమాలారు. తెలిస్తే ఇంటికి తోలుతారట. ఇంటి దగ్గర కూర్చుంటే ఈ చేతులు ఏం చేస్తాయి అని నన్నే అడిగారు. ఆ రోజు నుంచి స్కోపులు నేను ముందే పరీక్షించి మంచివి ఎడమ పక్క, చెడ్డవి కుడి పక్క పెట్టేవాణ్ణి. మేనేజరు వచ్చినప్పుడు ఉస్తాద్ కన్ను ఆనించినట్టు ఆనించి తీర్పు చెప్పి, చెడ్డవాటికి ఎర్ర చుక్క పెట్టేవారు. నేను వెనకాల నిలబడి తల ఊపేవాణ్ణి. నాకు అందులో గర్వమే ఉండేది. కొడుకులాంటి వాణ్ణని అనుకున్నాను, పిచ్చివాణ్ణి.

పోటీలకు ముందు ఒక వ్యాపారి చవక స్కోపుల పెట్టె ఒకటి తెచ్చాడు. అది శుక్రవారం. నాకు సెలవు, మేనేజరు కూడా లేడు. రేపు నా మనిషి వచ్చాక చూస్తానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అనడానికి ఉస్తాద్‌కు నామోషీ అయింది. వ్యాపారి ముందు ఒక్కొక్కటీ కంటికి ఆనించి అన్నీ తీసేసుకున్నారు. నేను వచ్చి చూస్తే ఒక్కదాని మీదా ఎర్ర చుక్క లేదు. చవక సరుకులో చుక్క లేకపోవడం ఎక్కడైనా ఉంటుందా? నేనొకసారి చూస్తానన్నాను. "నా మీద నమ్మకం లేదా తమ్మీ?" అన్నారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పోటీ రోజు సముద్రం మీది తేమ గాలి కొట్టింది. సగం స్కోపుల్లో లోపల ఆవిరి పట్టింది. కొన్నింటిలో పదిసార్లు పేలేసరికి గురి ఎటో జరిగిపోయింది. అతిథుల ముందు మేనేజరుకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం గదిలోకి వచ్చి వీటిని చూసింది ఎవరని అడిగాడు.

ఉస్తాద్ జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఈ పిలగాడే చూసిండు సాబ్. నేను నమ్మిన" అని హిందీలో చెప్పారు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన అద్దాలు తుడుస్తూనే ఉన్నారు. మేనేజరు నన్ను నిజమేనా అని అడిగాడు. ఆ రోజు నాకు సెలవని చెప్పొచ్చు. ఆయన కళ్ళ సంగతి చెప్పొచ్చు. రెండూ నాలుక చివర ఉన్నాయి. కానీ ఆయనే చెప్తారని ఆగాను. ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు చెప్తారు అని ఆగాను. ఆయన అద్దాలు పెట్టుకుని తాళాల గుత్తి తీసుకుని అలమారా వైపు తిరిగారు. మేనేజరు "ఖలాస్, యల్లా" అన్నాడు, ఇక బయల్దేరమని. నా సామాన్ చిన్న సంచిలో పట్టింది.

మళ్ళీ కర్జకాన్, మళ్ళీ ఇటుకలు, మళ్ళీ ఎండ. అది భరించాను. ఉస్తాద్‌ను ముంచినవాడని క్యాంపులో మనవాళ్ళే వెనక అనుకోవడం మాత్రం భరించలేకపోయాను. ఉస్తాద్ ఇంకో ఏడాది ఆ గదిలోనే ఉన్నారని, తర్వాత గౌరవంగా ఇంటికి పోయారని విన్నాను. వెళ్ళేముందు నన్ను కలవలేదు. కలిస్తే తిట్టేవాణ్ణేమో, కాళ్ళు మొక్కేవాణ్ణేమో!

ఇప్పుడు నేను మహూజ్‌లో భవనాల మరమ్మతు పనిలో ఉన్నాను. చవక కుళాయి కొంటే పెదవులు చూసే కొంటాను. తిప్పి, తట్టి, పక్కన పెట్టి, మళ్ళీ తిప్పి చూస్తాను. నా కింద పనిచేసే వాళ్ళు నవ్వుతారు. అదంతా ఆయన పెట్టిన భిక్షే. భిక్ష పెట్టిన చెయ్యే గిన్నె లాక్కుంటే ఆ భిక్షను ఏమనాలో నాకు తెలియదు.

డ్రైవరు భాయ్ వెళ్ళబోతూ జేబులోంచి రుమాలు మూట తీసి నా చేతిలో పెట్టాడు. పోయే ముందు ఉస్తాద్ ఇచ్చారట. విప్పితే ఆయన పాత కళ్ళద్దాలు. ఆ రోజు తుడిచినవే.

"కండ్ల ఆపరేషన్ అయినంక కొత్తయి పెట్టుకున్నడు. ఇవి పక్కన బెట్టి, గోర్ల రంగు తెమ్మని మనుమరాలిని అడిగిండు. ముసలాయనకు ఏమైందని అందరం నవ్వినం."

కుడి కాడ మీద ఎర్ర చుక్క ఉంది. రంగు కొంచెం పక్కకు పాకింది.

"ఏమన్నా చెప్పమన్నడా?" అని అడిగాను.

"ఏం లేదు. ఇస్తే సమజయితది అన్నడు."

సమజయింది ఉస్తాద్. చెడ్డవి నా కళ్ళే, నువ్వు కాదు అని చెప్పారు. కానీ ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషికి చెప్పారు. మేనేజరుకు చెప్పవలసింది. క్యాంపులో చెప్పవలసింది. నాకెందుకు చెప్పారు, నాకు తెలిసిందే కదా? భాయ్ వెళ్ళాక కుర్చీలో కూర్చుని ఇదే మాట గోడతో అన్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆ అద్దాలను చెత్తబుట్ట దాకా తీసుకుపోయి ఆగాను. చుక్క పెట్టినవాటిని పారేయకూడదు. కిటికీ పక్కన, పానాలు పెట్టుకునే అరలో కొంచెం చోటు చేసి పెట్టాను. మొదట అలవాటు తప్పి కాడ గోడవైపు ఉండిపోయింది. తీసి, చుక్క నా వైపుకు తిప్పి పెట్టాను.