గట్టు మీద ఎడారి బండి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో మొదలైన సంగతి ఇది. ఉప్పలగుప్తం వెళ్లే రోడ్డు పక్కన నాకో రేకుల షెడ్డు ఉంది. ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు, రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు బాగుచేస్తాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని. నా షెడ్డులో బాగుపడి వెళ్లిన బండ్లు ఎవరికీ గుర్తుండవు. ఒక్క బండి మాత్రం అందరికీ గుర్తే. "మేస్త్రి గారండీ, ఆ ఎడారి బండి ఏమైందండీ?" అని టీ కొట్టు దగ్గర నవ్వుతూ అడుగుతారు. అలా అడిగిన ప్రతివాడి పేరూ నాకు తెలుసు. వాళ్లకి నోటితో చెప్పడం నాకు ఇష్టం లేదు. అందుకే రాస్తున్నాను.

బండి తెచ్చినవాడు మా పక్క ఊరి శీను. దుబాయ్‌లో, సరదాకి వచ్చేవాళ్లని ఇసుక దిబ్బల మీద తిప్పే ఒక క్యాంపులో చాలా ఏళ్లు డ్రైవరుగా చేశాడు. ఒకరోజు దిబ్బ మీంచి బండి దొర్లి కుడి మోకాలు చితికింది. క్యాంపు వాళ్లు టిక్కెట్టు కొనిచ్చి ఇంటికి పంపేశారు. వచ్చాక ఊళ్లో ఒక ఆసామి గారి రొయ్యల చెరువు లీజుకి తీసుకున్నాడు.

రొయ్యకి పూటపూటా మేత పడాలి. మేత బస్తాలు గట్టు మీదుగా చెరువు ఆ చివరిదాకా మొయ్యాలి. శీను అంత దూరం నడవలేడు. మోకాలు వంగదు కనుక మోటారు సైకిలు మీద కాళ్లు ఆన్చి ఆపుకోలేడు. బస్తాలన్నీ మోసేది వాళ్లావిడ మంగ. మోసి మోసి ఆమె నడుం దెబ్బతింది. కూలిమనిషిని పెట్టుకుంటే ఆ చెరువు మీద మిగిలేదేమీ ఉండదు. ఈ పంట కూడా నిలబడకపోతే కువైట్‌లో ఇళ్ల పనికి తానే వెళ్తానని మంగ పాస్‌పోర్టు చేయించుకుని ఉంది. వాళ్ల పాప అప్పుడు రెండో తరగతి. మంగని వెళ్లకుండా ఆపడానికే శీను ఆ బండి కొన్నాడు. అది తప్ప అతనికి ఇంకో ఆలోచన లేదు.

వ్యాను మీంచి దించుతుంటే రోడ్డు మీద పోయేవాళ్లంతా ఆగిపోయారు. దాన్ని సైడ్ బై సైడ్ అంటారు. ఎడారుల్లో, కొండల్లో తిరిగే నాలుగు చక్రాల బండే, కానీ మోటారు సైకిల్లా కాళ్లు చెరోవైపు వేసుకుని హ్యాండిల్ పట్టుకునే రకం కాదు. కారులా ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, కాలు చాపుకునే నడపొచ్చు, స్టీరింగ్ ఉంటుంది, సీటు బెల్టులు ఉంటాయి. తలుపులు, అద్దాలు ఉండవు. చుట్టూ ఇనుప గొట్టాల పంజరం ఉంటుంది, దొర్లినా లోపలి మనిషి నలగకుండా. వెనక సామాను పెట్టుకునే తొట్టె. శీనుది వెనక ఇంకో సీటు బిగించిన రకం. సముద్రం ఒడ్డున మూతపడ్డ ఒక రిసార్టు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

"గేర్లు లేవు మేస్త్రి గారూ. ఇంజను బెల్టు మీదే నడుస్తాది. నాలుగు చక్రాలూ తిరుగుతాయి. లాకు వేస్తే ఒక్క చక్రం కూడా ఊరికే జారదు," అన్నాడు శీను. అన్నేళ్ల తరవాత అతని మొహంలో వెలుగు చూశాను.

"బరువెంత?" అన్నాను.

"ఆరొందల పైన కొంచెం అన్నారండి."

"ఎవరన్నారు?"

"రిసార్టు మేనేజరు గారండి. పుస్తకంలో కూడా ఉంది."

"కాటా పెట్టేరా?"

"మేస్త్రి గారూ, మీరు ట్రాక్టర్ల దమ్ము చక్రాల మనిషండి. దీని సంగతి మీకు తెలీదులెండి," అన్నాడు. నలుగురూ నవ్వారు. శీను మంచివాడు, ఆ మాట మనసులో పెట్టుకుని అన్నది కాదు. అయినా అన్నాడు.

మేనేజరుకి నేనే ఫోను చేశాను. పుస్తకంలో ఉన్నది డ్రై వెయిట్ కదా అని అడిగాను. డ్రై వెయిట్ అంటే పెట్రోలు, ఆయిలు, కూలెంటు, బ్యాటరీ ఏవీ లేకుండా కంపెనీ రాసుకునే బరువు. అలాంటి బండి పేపరు మీద తప్ప ఎక్కడా నడవదు. తరవాత బిగించిన పైకప్పు, వెనక సీటు, కింద ఇనుప పలక, ముందు వించి, అంటే బురదలోంచి బండిని లాక్కునే తాడు మోటారు, వీటిలో ఏదీ ఆ లెక్కలో ఉండదు.

"మీరు ఇంజినీరా?" అన్నాడు మేనేజరు.

"మెకానిక్‌నండి."

"కొన్నాయనతో మాట్లాడతాను. మెకానిక్కులతో కాదు," అని పెట్టేశాడు. ఆ గొంతు ఇప్పుడు వినిపించినా గుర్తుపడతాను.

నేను పట్టుబట్టి బండిని వ్యాను మీద అంబాజీపేట తీసుకెళ్లాను. కొబ్బరికాయల లారీలు తూచే వే బ్రిడ్జి ఉంది అక్కడ. కాటా గదిలో కుర్రాడు కిటికీలోంచి తల బయటపెట్టి, "కాయలేవండీ? దారిలో దింపేసేరా?" అన్నాడు. వెనక వరసలో లారీ డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. శీను సిగ్గుపడి తల దించుకున్నాడు. నేను దించలేదు. ఎనిమిది వందల నలభై కేజీలు చూపించింది. ఖాళీ బండి. ఇద్దరు మనుషులు, మేత బస్తాలు వేస్తే వెయ్యి దాటుతుంది.

శీను కాటా చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎడారిలో ఇంకా ఎక్కువ మందిని ఎక్కించేవోళ్లం మేస్త్రి గారూ. టైర్లలో గాలి తీసేస్తే వెడల్పుగా పరుచుకుంటాయి. బరువు చెదిరిపోతాది," అన్నాడు.

అది నిజమే. గాలి తగ్గిస్తే టైరు నేలని ఎక్కువ మేర పట్టుకుంటుంది, దిగబడడం తగ్గుతుంది. కానీ ఇసుక వేరు, మా నేల వేరు. చెరువు గట్టంటే చెరువులోంచి పొక్లెయిన్ తీసిపోసిన ఒండ్రు. ఎండకి పైన పెంకు కడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. గట్టు పైన ఆరడుగుల వెడల్పు, బండి ఐదడుగులు. మనుషులు నడిచేది, మోటారు సైకిళ్లు పోయేది గట్టు నడిమధ్య. దీని చక్రాలు సరిగ్గా రెండు అంచుల మీద పడతాయి. గట్టుకి ఎక్కడ బలం తక్కువో అక్కడ. ఇదంతా చెప్పాను.

"అయితే ఇప్పుడేం చెయ్యమంటారండి? తిరిగి ఇచ్చేస్తే తీసుకుంటారా?" అన్నాడు శీను.

తీసుకోరు. అది ఇద్దరికీ తెలుసు. బరువు తగ్గించడం ఒక్కటే చేతిలో ఉంది.

వారం రోజులు షెడ్డులో అదే పని. పైకప్పు తీశాం, వెనక సీటు తీశాం, వించి తీశాం, కింద పలక విప్పాం. శీను గొట్టాల పంజరం కూడా కోసెయ్యమన్నాడు. నేను కొయ్యనన్నాను. "బరువు తగ్గించమన్నది మీరే కదండీ," అన్నాడు. "నువ్వు బతికుండాలి కదా," అన్నాను. ఆ గొడవలో మంగ క్యారేజీ పట్టుకుని వచ్చింది. విప్పిన సామాను కుప్ప చూసి, "బాబాయ్ గారండీ, ఇంకో రెండు రోజులు మీ ఇద్దరికీ ఒదిలేస్తే స్టీరింగు ఒక్కటే మిగులుతాదండి. అది పట్టుకుని నేనే పరిగెడతాను," అంది. ఆ షెడ్డులో మేం నవ్వింది ఆ రోజే.

ఏడు వందలకి కొంచెం పైన తేలింది. ఎండలు ముదిరి గట్లు రాయిలా బిగుసుకున్నాయి. బండి తిరిగింది. నిజంగా తిరిగింది. మంగ పక్క సీట్లో బస్తాలు పట్టుకుని కూర్చునేది, శీను చెరువు చుట్టూ తిప్పుకొచ్చేవాడు. నడుముకి పట్టీ తీసేసింది. కువైట్ పంపే ఏజెంటు ఫోను చేస్తే, "మావారు కారు కొన్నారండీ, ఇప్పుడు రాను," అని చెప్పిందట. శీను నాకు రెండుసార్లు ఈ మాట చెప్పాడు.

ఆసామి గారు ఒకరోజు వచ్చి గట్టు చూశారు. అంచుల్లో సన్నటి పగుళ్లు. "శీనూ, వాన పడ్డాక ఇది ఎక్కించకు. గట్టు తెగితే నా నేల పాడవుద్ది," అన్నారు. శీను, "ఆయ్, అలాగేనండి," అన్నాడు. గ్రావెల్ పోయించి గట్టు గట్టిపరచుకోనివ్వండి అని నేను అడిగాను. లీజు అయ్యాక ఆ కంకరంతా ఎవరు ఎత్తుతారన్నారు. ఆయన మాటలో తప్పు పట్టలేం. అదే బాధ. ఈ కథలో గట్టిగా తిట్టుకోడానికి మనిషి దొరకడు.

తొలకరి గట్టిగా పడింది. రొయ్యల పట్టుబడికి ఇంకో నెల ఉంది. మొదటి రోజు మంగే మోసింది. రెండో రోజు పగలు గట్టు మీద బస్తాతో జారి పడింది. మూడో రోజు శీను బండి తీశాడు. కబురు తెలిసి నేను వెళ్లేసరికి మొగుడూ పెళ్లాలిద్దరూ బండి మీద తూము దగ్గరికి వస్తున్నారు. తూము అంటే చెరువు నీళ్లు మురుగు కాలువలోకి వదిలే దారి. గట్టు తవ్వి గొట్టం వేసి మళ్లీ కప్పినచోటు కనుక అక్కడ మట్టి ఎప్పుడూ కుదురుకోదు.

చక్రం పెంకు దిగి లోపలి ఒండ్రులో పడడం వెనకనించి చూశాను. "ఆపు శీనూ!" అని అరిచాను.

"ఆపితే దిగిపోద్దండీ!" అని అరిచి లాకు వేసి ఇంకా తొక్కాడు.

ఎడారిలో అదే పద్ధతి. ఇసుకలో ఆగినవాడు అక్కడే కూరుకుపోతాడు. ఊపు తగ్గకుండా తొక్కుతూ పోవాలి. అన్నేళ్లు అతని ప్రాణం కాపాడిన పద్ధతి అది. మా ఒండ్రులో నాలుగు చక్రాలూ ఒక్కసారి తిరిగితే నాలుగూ తవ్వుతాయి. బెల్టు కాలిన వాసన వచ్చింది. కాలువ వైపు అంచు మెల్లగా, అరటి తొక్క ఊడినట్టు, జారిపోయింది. బండి ఒరిగి అక్కడే చిక్కుకుంది. దాని కింద గాడిలోంచి నీళ్లు సన్నగా మొదలై, చూస్తుండగానే గండి అయింది.

మంగ దూకేసి మేత బస్తాలు ఒక్కొక్కటీ తీసి ఆ గండిలో కుక్కింది. నీళ్లు బస్తానే లాక్కుపోయాయి. ఇంకో బస్తా. నేనూ శీనూ గట్టు మట్టి చేతుల్తో తోశాం. బండిని కదిపితే గండి ఇంకా పెరుగుతుంది, కదపకపోతే మట్టి నిలవదు. ఊళ్లోవాళ్లు వలలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. గండి పూడ్చడానికి కాదు. కాలువలో ఎగురుతున్న రొయ్యలు పట్టుకోడానికి. "ఒక్క చెయ్యి వెయ్యండ్రా!" అని అరిచాను. "ఎలాగూ పోతున్నాయి కదండీ," అన్నాడొకడు. ఎవరెవరు వల తెచ్చారో ఇప్పటికీ నాకు తెలుసు. వాళ్లలో ఇద్దరి ఇంజన్లు నేను ముట్టుకోను.

చెరువు అడుగు కనబడ్డాక మంగ గట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. శీను వైపు చూసి, "ఇంటికెళ్దాం, పాప బడినించి వచ్చేస్తాది," అంది.

నెల తిరక్కుండా కువైట్ వెళ్లిపోయింది.

నేను ఊరుకోలేదు. రిసార్టు మేనేజరుకి రాశాను. వినోదానికి అమ్మాం, వ్యవసాయానికి కాదు అన్నాడు. బండి తయారుచేసిన కంపెనీకి రాశాను. మీరు కొన్నవారు కారు కనుక మీ ఫిర్యాదు తీసుకోలేం అని జవాబు. శీనుని సంతకం పెట్టమన్నాను. "ఒద్దులెండి మేస్త్రి గారూ. ఆళ్లు గెలిచినా మనం గెలిచినా మంగ ఇప్పుడు రాదు. రెండేళ్ల కాంట్రాక్టు," అన్నాడు. అయినా నేను రాస్తూనే ఉన్నాను.

బండి నా షెడ్డు వెనక పరదా కింద ఉంది. కొనేవాడు లేడు. అప్పుడప్పుడు ఎవరో ఒకరు, ముక్తేశ్వరం నుంచో ఎక్కడినుంచో, అలాంటిదే కొంటామని వచ్చి బరువెంత, హార్స్ పవర్ ఎంత, ఎంత లోతు గుంట దాటుతుంది అని అడుగుతారు. ఆ లెక్కలన్నీ నాకు నోటికి వచ్చు. చెప్పను. ముందు అది తిరగాల్సిన గట్టు చూపించమంటాను, అదీ వానాకాలంలో. వాళ్లకి కోపం వస్తుంది, ఇంకో మెకానిక్ దగ్గరికి పోతారు. ఈ వ్యవహారం నాకు నేర్పింది అంతే. బండిని చదవడం ముప్పై ఏళ్లుగా వచ్చు. నేలని ముందు చదవాలని నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఎవరికీ పనికిరాలేదు.

శీను ఇప్పుడు నా దగ్గరే కూర్చుని ఏరేటర్ మోటార్లకి వైండింగ్ చుడతాడు. కూర్చుని చేసే పని కనుక మోకాలికి ఇబ్బంది లేదు. మొన్న తీగ చుడుతూ, తల ఎత్తకుండా అన్నాడు:

"మంగ ఫోన్ చేసిందండి. ఆళ్ల యజమాని ఇంట్లో ఇలాంటి బండే ఉందంట. పిల్లలు శుక్రవారం ఎడారికి తీసికెళ్లి ఆడుకుంటారంట. శనివారం తనే కడుగుతాదంట."

తీగ కొస కత్తిరించి, "ఎంత బాగా తిరుగుతాదో అక్కడ," అన్నాడు.