రుక్మిణి టీచర్ దిద్దిన రూలు

నిన్న పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, కె. రుక్మిణి టీచర్ పోయినారంట."

కాఫీ గ్లాసు అట్టనే పెట్టి కూర్చుండిపోయినా. ఇంకా నమ్మబుద్ధి కావడంలా.

మద్రాసు ముత్తియాల్‌పేటలో ఆమెదీ మా వీధే. స్కూల్లో సైన్స్ అరవంలో చెప్పేవారు. ఇంటికాడ మాతో తెలుగే.

డెబ్భైల్లో మాట. నాకు పన్నెండేళ్ళు. జీవుల లక్షణాలు బోర్డు మీద రాసినారు. తింటాయి, ఊపిరి తీసుకుంటాయి, పెరుగుతాయి, పిల్లల్ని కంటాయి.

నేను లేచినా.

"టీచర్, మీకు పిల్లలు లేరు కదా. మరి మీకు ప్రాణం లేదా?"

పొగరుతో కాదు. తెలియకే అడిగినా.



ఆమె కొట్టలా. బోర్డు వైపు తిరిగి, ఆ చివరి లైన్ తుడిచేసినారు.

"మంచి ప్రశ్న. రూలుకి ఒకరు సరిపోకపోతే వాళ్ళని బయటికి తోసేయకూడదు. రూలునే మళ్ళీ చూడాల. సైన్స్ అంటే అదే."

'జాతి పిల్లల్ని కంటుంది, అందులో ప్రతి ఒక్కటీ కననక్కర్లేదు' అని తిరిగి రాసినారు.

బెల్ కొట్టినాక కొళాయి కాడ ముఖం కడుక్కుంటా ఉన్నారు. చానాసేపు. దగ్గరికి పోను నాకు ధైర్యం చాల్లేదు.

ఎనభైల్లో నాకు పెళ్ళయింది. ఆరేళ్ళయినా పిల్లల్లేరు. ఆస్పత్రిలో నాకు చెయ్యని టెస్టు లేదు. ఒక సీమంతంలో నన్ను గాజులు తొడగనియ్యలా. ఆడ్నించి నేరుగా టీచర్ ఇంటికే పోయినా.

"ఆ పొద్దు అట్ట అడిగినందుకు క్షమించండి టీచర్."

"అడగడం తప్పు కాదమ్మా. నాకు నొప్పి పుట్టిందీ నిజమే" అన్నారు.

అన్నం పెట్టి, నాతో మా అత్తగారింటికి వచ్చినారు. మా అత్తను ఒకటే అడిగినారు.

"మీ అబ్బాయికి టెస్టు చేయించినారా? ఒకరినే చూసి తేల్చేస్తే ఎట్ట?"



నెల తర్వాత మా ఆయన చేయించుకున్నారు. ఏమొచ్చిందో ఇక్కడ రాయను. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలా.

పోయిన నెల టీచర్‌కి ఒంట్లో బాగలేదని తెలిసింది. వచ్చే వారం పోదాంలే అనుకున్నా.

పోలా.

మన వీధోళ్ళలో అరవంలోనే చదువుకొని తెలుగు చదవను రానోళ్ళకి పక్కనోళ్ళు ఇది చదివి చెప్పండి.

పోయిరండి టీచర్. మీరు యాడున్నా నిమ్మళంగా ఉండాల.